పద్నాలుగంగుళాల అనుమానం

మొన్న మా మేనల్లుడు, అంటే మా అన్నయ్య కొడుకు, తన గదిలోకి తలుపంత వెడల్పున్న మానిటర్ ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. తెచ్చుకున్నవాడు హాయిగా ఆడుకోవచ్చు కదా, ఆట ముక్కుతూ మూలుగుతూ నడుస్తోందని దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు. బట్టలు మడతపెట్టి అటుగా వెళుతున్న నేను, రిజల్యూషన్ ఒక మెట్టు దించి, నీడలు ఆపేసి చూడరా అన్నాను. వాడు కుర్చీతో సహా గిర్రున తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. మేనత్త అంటే అప్పడాలూ మోకాళ్ళ నొప్పులూ తప్ప మరొకటి ఉండదనుకునే వయసు మరి. ఎవరో చెబితే అప్పజెబుతున్నాననుకున్నాడో ఏమో, నా చేతిలో ఫోను ఉందా అని కూడా చూశాడు. ఒరే నాయనా, నువ్వు పుట్టకముందే ఆ విద్యలో ఆరితేరినదాన్ని, అదీ ఆట కోసం కాదు, మీ తాతమీద నిఘా వెయ్యడానికి అని చెప్పాలనిపించింది గానీ, వాడికి వినే తీరిక ఎక్కడిది? మన వయసువాళ్ళు మీరున్నారుగా, మీకు చెబుతాను.

తొంభైలు చివరికొస్తున్న రోజులవి. భిలాయిలో, రిసాలి అనే పేటలో మాకు ఉక్కు ప్లాంటువాళ్ళ క్వార్టరు ఉండేది. నాన్న శ్రీకాకుళం పక్కనుంచి కుర్రతనంలో వచ్చి, ప్లాంటులో చేరి, క్రేన్ ఆపరేటరయ్యాడు. క్రేనంటే రోడ్డుమీద కనిపించేది కాదు, షెడ్డు కప్పు కింద, మేడంత ఎత్తున పట్టాలమీద నడిచేది. ఆ పైన గాజు కేబిన్‌లో కూర్చుని, కింద నిలబడ్డ మనిషి చేతి సైగ చూసి, టన్నులకొద్దీ ఇనుమును ఎత్తి, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా దించాలి. కింద నిలబడి కొక్కేనికి గొలుసులు తగిలించి ఆ సైగలు చేసేవాళ్ళలో, అప్పుడే ఉద్యోగంలో చేరిన మా అన్నయ్య కూడా ఉండేవాడు. తండ్రి పైన, కొడుకు కింద. అమ్మ ఆ సంగతి పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ చాచీకి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరేది కాదు.

నేను అప్పట్లో కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నాను. ఆ పేరు చెప్పి నాన్నా అన్నయ్యా కలిసి, విడి భాగాలు తెచ్చి బిగించిన కంప్యూటరొకటి కొన్నారు. ముందు గదిలో, అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పుకుని, ఇంటికొచ్చిన కొత్త కోడలిలా కూర్చుని ఉండేది. పద్నాలుగంగుళాల తెర. దానికి ముందు మూర పొడవూ వెనక రెండు మూరల పొడవూ అన్నట్టుండేది, మీకు గుర్తుండే ఉంటుంది. దుమ్ము పడుతుందని చెప్పులతో ఎవర్నీ ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళం కాదు.

అన్నయ్య స్నేహితుడెవరో ఇచ్చిన సీడీలో రైళ్ళ ఆట ఒకటి ఉండేది. ఊళ్ళ మధ్య పట్టాలు పరచాలి, గనినుంచి కార్ఖానాకి సరుకు చేర్చాలి, సిగ్నళ్ళు పెట్టి బళ్ళు ఒకదానికొకటి గుద్దుకోకుండా చూసుకోవాలి. నాన్నకు అది ఎంత పట్టేసిందంటే, డ్యూటీనుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, టీ గ్లాసు పట్టుకుని నేరుగా దాని ముందుకే వెళ్ళేవాడు. జీవితమంతా ఇనుము మోసినవాడు సరదాకి కూడా ఇనుమే మోస్తున్నాడని అమ్మ నవ్వేది.

ఇంతలో ఒక చిత్రం మొదలయింది. నేను తెరమీద రిజల్యూషన్ ఎనిమిది వందలకు పెట్టి లేస్తే, మళ్ళీ వచ్చేసరికి ఆరు వందల నలభైలో ఉండేది. అక్షరాలు గోడమీద ఎన్నికల రాతల్లా బొద్దుగా, బండగా కనిపించేవి. నాకసలే అనుమానం ఎక్కువ. పాలవాడి చెంబునుంచి పక్కింటి పిల్లి దాకా నేను అనుమానించని ప్రాణి లేదు. మొదట అన్నయ్యను పట్టుకున్నాను. వాడు అమ్మమీద ఒట్టు పెట్టాడు. తరవాత వైరస్‌ని అనుమానించాను. ఆపైన ఎవరు కూర్చుని లేచాక ఇలా అవుతోందో కనిపెట్టడం మొదలుపెట్టాను. నాన్నే! కంప్యూటరంటే నాకేం తెలుసని చేతులెత్తేసే మా నాన్న, మౌసు కుడి మీట నొక్కి, సెట్టింగుల దాకా వెళ్ళి, అక్కడి రిజల్యూషన్ మీటను ఎడమకు లాగి వస్తున్నాడన్నమాట, అదీ ఎవరికీ చెప్పకుండా.

రిజల్యూషనంటే ఏమిటో అప్పటికి నేను క్లాసులో నేర్చుకున్నాను. వాకిలి అంతే ఉంటుంది, ముగ్గు చుక్కలు ఎక్కువ పెట్టేకొద్దీ గళ్ళు చిన్నవవుతాయి. తెరా అంతే. చుక్కలు పెరిగితే ఆటలో మరింత దేశం కనిపిస్తుంది, కానీ రైలు చీమంతవుతుంది, సిగ్నలు ఆవగింజంతవుతుంది. చుక్కలు తగ్గిస్తే అన్నీ పెద్దవవుతాయి. అంటే నాన్నకు చిన్నవి కనబడడం లేదు. చత్వారమే కదా అని సరిపెట్టుకుందామంటే, ఆయన పేపరు చదివే కళ్ళజోడు పెట్టుకునే తెరముందు కూర్చునేవాడు. పైగా వెలుగు మీట చివరిదాకా తిప్పేసి ఉండేది, మాకు కళ్ళు జిగేలుమనేంత. అయినా మెడ ముందుకు సాచి, రెప్పలు చికిలించి చూసేవాడు.

అప్పుడు మొదలయింది నాకు భయం. తెరమీది రైలు కనబడకపోతే ఏమవుతుంది, ఆట పోతుంది. మేడంత ఎత్తు గాజు కేబిన్‌లోంచి కింద మనిషి చెయ్యి కనబడకపోతే? ఆ చెయ్యి మా అన్నయ్యదే అయితే? ప్లాంటువాళ్ళ కంటి పరీక్షకు ఇంకా నెలలున్నాయి. ఆ పరీక్షలో తేలితే నాన్న క్రేన్ దిగాల్సిందే. క్రేన్ దిగడమంటే ఆయనకు సగం ప్రాణం పోయినట్టే. అందుకే దాస్తున్నాడా, లేక తనకే తెలియడం లేదా అన్నది నాకు అంతుపట్టేది కాదు.

తేల్చుకుందామని, నేనే కళ్ళ డాక్టరునైనట్టు, ఆయన వచ్చే వేళకు రిజల్యూషన్ ఎనిమిది వందలకు పెంచి పెట్టేదాన్ని. ఆయన దించేవాడు. వెయ్యిన్ని ఇరవై నాలుగుకు పెంచేదాన్ని, ఆ చిన్న తెర పాపం ఆ మాత్రానికే వణికేది. ఆయన మళ్ళీ దించేవాడు. ఇద్దరం పైకి ఒక్క మాట అనుకోలేదు గానీ, భోజనాల దగ్గర ఆయన నన్ను ఓరకంట చూడడం, నేను ఆయన పప్పులో మిరపకాయ వెతికి తీస్తున్నాడా లేదా అని చూడడం. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను, కళ్ళు చూపించుకోకూడదా నాన్నా అని.

"నానేటి గుడ్డోణ్ణనుకున్నావేటే? పైనుంచి సూది పడినా సూస్తాను నాను. నువ్వా డబ్బా కెలకడం మాను ముందు," అన్నాడు.

అమ్మ కూడా ఆయన పక్షమే. "దీనిదంతా అనుమానపు బుర్ర. రేపొచ్చే మొగుడి గతేటో!" అంది.

ఇక దారి ఒక్కటే మిగిలింది. ఒక ఆదివారం అన్నయ్యను పిలిచి నాన్న పక్కన స్టూలుమీద కూర్చోబెట్టాను, ఆట చూద్దువుగాని రమ్మని. అంతకుముందే తెరను వెయ్యిన్ని ఇరవై నాలుగుకు పెంచి ఉంచాను. కొడుకు చూస్తుండగా నాన్న దాన్ని దించుకోలేడని నాకు తెలుసు. దించలేదు కూడా. కళ్ళజోడు ఒకసారి తుడుచుకుని మొదలుపెట్టాడు. కాసేపు బాగానే నడిచింది. తరవాత ఒకే పట్టామీద అటొక బండీ ఇటొక బండీ ఎదురెదురుగా బయల్దేరాయి. అన్నయ్య ముందు నోటితో ఆపు ఆపు అన్నాడు. ఆ తరవాత, డ్యూటీ అలవాటు కొద్దీ, ఆపమన్నప్పుడు చేసే సైగ చేశాడు, చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి. నాన్న మాత్రం ఎర్ర సిగ్నలు చుక్క కోసం తెరంతా వెతుకుతూనే ఉన్నాడు. రెండు బళ్ళూ గుద్దుకుని తెరమీద పొగ లేచింది.

"అదేటి నాన్నా, లాల్ బత్తీ కనబళ్ళేదేటి? రెండూ పోనాయి!" అని అన్నయ్య పగలబడి నవ్వాడు.

నాన్న నవ్వలేదు. వాడి చెయ్యి ఇంకా అలాగే పైన ఉంది. ఆ చేతిని చూశాడు, వాడి మొహం చూశాడు, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాడికి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

మర్నాడు నాన్న క్రేన్ మెట్లెక్కలేదు. పరీక్ష వచ్చేదాకా ఆగకుండా, తనే వెళ్ళి ఫోర్‌మన్‌తో చెప్పి, ఆసుపత్రికి వెళ్ళాడు. రెండు కళ్ళకూ శుక్లాలు, వయసుకు ముందే ముదిరిపోయాయన్నారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి, నావైపు తిరిగి, "నీ అనుమానమే నెగ్గింది కదే," అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు బాధగానే ఉండేది గానీ, అన్నయ్య డ్యూటీనుంచి తిరిగొచ్చి వాకిట్లో బూట్లు విప్పుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా, మాట్లాడకపోతే పోనీలే అనుకునేదాన్ని.

ఒక కన్ను తరవాత ఒక కన్ను ఆపరేషన్లు జరిగాయి. చూపు వచ్చింది గానీ క్రేన్ మళ్ళీ ఎక్కనన్నాడు. స్టోర్సులో కింద పని తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, తనంతట తనే ఆ మీటను కుడివైపు చివరిదాకా లాగాడు. వెయ్యిన్ని ఇరవై నాలుగు. ఆట తెరిచి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయి, నన్ను కేకేశాడు.

"ఓలమ్మ, ఇలారాయే! టేసన్ల మీద మనుసులున్నారే. ఇన్నాళ్ళూ ఎవులూ నేరనుకున్నాను," అన్నాడు.

నిజమే, ఆయన ఎవరూ లేరనుకున్న స్టేషన్లలో బండి కోసం నిలబడ్డ మనుషులు, నువ్వుగింజంతేసి. నాన్న వేలు పెట్టి ఒక్కొక్కరినే నాకు చూపించాడు.

ఇప్పుడు నాన్న లేడు, ఆ క్వార్టరు మాది కాదు. భిలాయిలోనే, కోహ్కాలో అన్నయ్య కట్టుకున్న ఇంట్లోనే నేనూ ఉంటున్నాను. ఇంటికంతటికీ ఒకే తెర ఉన్న కాలంలో, ఎవరు కూర్చుని లేచారో, వాళ్ళకు ఏది కనిపిస్తోందో ఏది కనిపించడం లేదో, వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసిపోయేది. దెబ్బలాడుకున్నా, నిఘా వేసుకున్నా, అది ఒకరి గురించి ఒకరికి పట్టింపు ఉండబట్టే. ఇప్పుడు మనిషికో తెర, తెరకో తాళం. అనుమానించడానికి కూడా సందు లేదు. ఈమధ్య అన్నయ్య ఫోను బారెడు దూరంలో పట్టుకుని, తల వెనక్కి వంచి చూస్తున్నాడు. కళ్ళకేమైందిరా అని దగ్గరికి వెళితే, ఏమీ లేదే అని నవ్వేసి, జేబులో పెట్టేసుకుంటున్నాడు.