తాత వేసిన ఒక్క ఓటు

వార్డు ఫలితాలు వచ్చిన సాయంత్రం మా వీధిలో టపాకాయల పొగ కిటికీలోంచి వచ్చిందంటే చాలు, నా ముక్కు దాన్ని పక్కకు నెట్టి, డెబ్బై ఏళ్ల వెనకటి పుంగనూరులో మా అవ్వ పెనం మీద నేతిలో కాలుతున్న ఓళిగల, అదే బొబ్బట్ల, వాసన వెతుక్కుంటుంది.

ఆ ఏడు మా వార్డు నుంచి పంచాయతీ బోర్డు మెంబరుగిరికి మా తాత గంగులప్ప, ఆయన ప్రాణస్నేహితుడు అత్తరు కొట్టు ఖాదర్ సాయిబు పోటీపడ్డారు. అప్పుడు గుర్తులు లేవు, మనిషికొక రంగు పెట్టె. తాతది పసుపు, సాయిబుది ఆకుపచ్చ. తాత అప్పటికే రెండుసార్లు ఓడిపోయాడు. ఈసారీ ఓడితే కుప్పంలో పుట్టింటివాళ్లకు మొహం చూపించలేనని అవ్వ బెంగ. అందుకని ఊళ్లోని పసుపంతా నూరించి, మోకాలెత్తు మించని మా పుంగనూరు ఆవుల కొమ్ములకు, గోడలకు, మా పిల్లల మొహాలకు, ఆఖరికి నిద్రపోతున్న చిన్నాయన మీసాలకు కూడా పూసింది. మేం బిళ్లంగోడు మానేసి, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు నములుతూ "పసుపు పెట్టె!" అని వీధుల వెంట అరిచిన అరుపులకు మదనపల్లె సంతలో ఎద్దులు బెదిరాయట.

పోలింగు సాయంత్రం, బడిలో లెక్క తేలకముందే, అవ్వ వార్డు మొత్తానికీ ఓళిగలు కాల్చింది. ఆ దొంతర మా దూలాన్ని తాకింది. చిన్నాయన రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, ఒక్క ఓటుతో పాయె!"

అవ్వ అట్లకాడతో ఇంట్లో ఓటున్నవాళ్లందరినీ వరసగా నిలదీసింది. చివరికి తాత మిగిలాడు. ఆయన పైగుడ్డ మడతపెడుతూ నెమ్మదిగా అన్నాడు:

"నా ఓటు నేనే ఏసుకుంటే ఏం మర్యాదే? పంక్తిలో మన ఇస్తట్లో మనమే ముందు వడ్డించుకుంటామా? ఖాదరుకే ఏసినా."

"అయ్యో దేవుడా! ఇంగ నేను కుప్పానికి ఏ మొగం పెట్టుకోని పోవాల?"

అంతలో పూలదండతోనే ఖాదర్ సాయిబు గడపలో నిలబడ్డాడు, తల వంచుకుని.

"అన్నా, నేను నాకే ఏసుకున్యా. సిగ్గుగా ఉండాది."

అవ్వ ఆయన్ని చూసింది, తాతను చూసింది, ఫక్కున నవ్వింది.

"సిగ్గు పడింది సాలుగానీ కూసో అప్పా, ఓళిగలు సల్లారిపోతాండాయి."

సాయిబు పందొమ్మిది తిన్నాడు. మిగిలిన కొండను మేం మూడు రోజులు తవ్వాం. అవ్వ మాత్రం మర్నాడే కుప్పం వెళ్లి, పుట్టింటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది: "మెంబరు ఎవురైనా అవుతారు. ఆ మెంబర్ని గెలిపించింది మా ఇంటాయన!"

ఆ రంగు పెట్టెలు పోయాయి, అత్తరు కొట్టూ పోయింది. ఇప్పుడు అభ్యర్థులు తెల్లవారకముందే వరసలో మొదట నిలబడి, ఓటు వేసి, సిరా వేలు ఫోటోవాళ్లకు చూపిస్తారు. ఎవరికి వేశావని వాళ్లను ఏ ఇంట్లోనూ అడగరు.