మద్దిలేటి కళ్ళజోడు

కర్నూలు నుంచి కోడుమూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో ల్యాప్‌టాప్, కాళ్ళ దగ్గర కళ్ళజోళ్ళ పెట్టె ఉన్నాయి. ముఖం మాత్రం ఏడుపుకు సిద్ధంగా ఉంది. నేను ఐదో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి, అయినా ఊరుకుంటానా.

"ఏమ్మా, ఒళ్ళో ఆ డబ్బా నిన్ను తిడతాండాదా?"

"కంటి క్యాంపులో రాసుకున్న పేర్లన్నా ఇవి. ఎవరికి ఏ నంబరు జోడో వెతికి పక్కన పెట్టమంటే, మద్దిలేటి అన్నోళ్ళందరికీ ఒకటే నంబరు పెడతాండాది. దిగంగానే పంచాల. ఉద్యోగంలో ఇదే నా మొదటి పని."

నేను లేచి "మద్దిలేటీ" అని ఒక కేక వేశాను. కండక్టరుతో కలిపి ముగ్గురు తిరిగి చూశారు.

"మా ఊళ్ళల్లో ఇంటికొక మద్దిలేటి ఉంటాడు తల్లీ. నీ మిషను మొదట కనపడినోడి కాడే నిలబడిపోయిండాది."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. పేరు వదిలేసి, క్యాంపులో ఒక్కొక్కరికి ఇచ్చిన చీటీ నంబరుతో వెతికించింది. వరుస కిందిదాకా ఎవరి జోడు వాళ్ళకు వచ్చి కూర్చుంది.

తిరిగి చూసిన ముగ్గురిలో ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చాడు.

"నాది యాడుండాదో చూడమ్మా."

ఆమె పెట్టెలోంచి ఆయన జోడు తీసి, తన చేత్తోనే కళ్ళకు పెట్టింది. ఆయన కిటికీలోంచి చేలను చూశాడు, ఆమెను చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఏమప్పా, గొంతు విని పిల్లోడనుకుంటి. తలంతా నెరిసిండాదే."

బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆ అమ్మాయే నవ్వింది. ఇప్పటికీ అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి, నేనూ నవ్వుకుంటాను.