తొంభై తొమ్మిది లంకెల సందు

ఇంకో రెండు మలుపులు తిరిగితే పుట్టింటి కాలనీ వచ్చేస్తుందనగా బస్సు టైరు పేలింది. దిగిన జనంలో ఒక నర్సు, తల్లి మోకాళ్లకని తెస్తున్న నూనె సీసా చేత్తో పట్టుకుని, రోడ్డు వారనున్న కాస్త నీడలోకి జరిగింది. లారీల దుమ్ములో గొడుగు వేసుకుని ఎదురొస్తున్న ముసలాయన్ని చూసి గుర్తుపట్టింది. సర్వే శాఖలో ముప్పయ్యేళ్లు కొలత గొలుసు లాగినవాడు. కాలనీలో అందరికీ గొలుసాయన.

"బాబాయ్! ఈ ఎండలో ఎక్కడికి?"

"మందుల షాపుకమ్మాయ్. ఇప్పుడు చుట్టూ తిరిగి రావాలిగా."

"పిన్ని పోయిందని అమ్మ చెప్పింది. డ్యూటీలో ఉండి రాలేకపోయా."

ఆయన తలూపాడు. భార్య బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఆటపట్టించేది. "ఊరంతా గొలుసు లాగావు, నా మెడలోకి ఒక్కటైనా తెచ్చావా?" అని. నర్సుకది గుర్తొచ్చి నవ్వబోయి ఆగింది.

"సందు మూసి గోడ కట్టారటగా. ఎవరి పని బాబాయ్ అది?"

"నా పనేనమ్మా."

కాలనీలు గీసేవాళ్లు బళ్లు ఎక్కడ తిరగాలో గీస్తారు గాని, మనుషులు ఎక్కడ ఆగి మాట్లాడుకోవాలో గీయరు. ఏ ఊరి పటం తీసి చూసినా అంతే. ఆ కాలనీకి అలాంటి చోటు దొరికింది పొరపాటు పుణ్యాన. పన్నెండిళ్ల మధ్య వరసలో, ఆరో ఇంటికీ ఏడో ఇంటికీ నడుమ అయిదడుగుల సందు. వెనక వరస పిల్లలు బడికీ, ఆడవాళ్లు కుళాయికీ అందులోంచే వచ్చేవాళ్లు. నీళ్ల బిందెతో ఒకరు ఎదురైతే రెండోవాళ్లు గోడకి ఒత్తిగిలాల్సిందే. ఒత్తిగిలినవాళ్లు పలకరించకుండా ఎలా పోతారు? నర్సు సైకిలు నేర్చుకుంది అక్కడే. రెండు మోచేతులూ గీరుకుంది కూడా అక్కడే. వెనక వరసలోని గొలుసాయన భార్య, పనయ్యాక ముప్పయ్యడుగులు వేసి సందు దాటి, ఎదురుగా ఉన్న నర్సు తల్లి మెట్ల మీద కూర్చునేది. నలభయ్యేళ్లు కూర్చుంది.

"పటంలో ఆ సందే లేదమ్మా. వంద లంకెల గొలుసు నాది. ఒక లంకె విరిగి ఎక్కడో పడిపోయింది. చెబితే ఉద్యోగం పీకేస్తారని రెండు కొసలూ కలిపేశాను. ఆ గొలుసుతోనే ఈ కొస నుంచి ఆరు, ఆ కొస నుంచి ఆరు స్థలాలు కొలిచాం. పరిచిన ప్రతిసారీ జానెడు తగ్గింది. ఎనిమిదిసార్లు పరిచేసరికి నడిమిని అయిదడుగులు మిగిలింది. సర్వేయరు గారు బుర్ర గోక్కుని, 'పోన్లేరా, కాస్త గాలాడుతుంది' అన్నారు. పటంలో ఎక్కించకుండానే బదిలీ అయిపోయారు."

ఆ రెండిళ్లూ ఈ మధ్య చేతులు మారాయి. కొన్నవాళ్లు మిషను పెట్టి కొలిపించి, సందు తమదేనంటూ ఆఫీసుకెక్కారు. ఎప్పుడో చనిపోయిన ఆ సర్వేయరు లంచం తిని తమ స్థలం కోసి దారి వదిలాడని అన్నారు. లంచం తిన్నా తినకపోయినా, సర్వేయరు కావాలని వదిలిన దారైతే మూయడానికి రూలు లేదు; దారి దారిగానే ఉండేది. నింద మాత్రం చచ్చినవాడి నెత్తిన పడేది. "నువ్వు నోరు మూసుక్కూచో, ఆయనకిప్పుడు నొప్పా ఏమన్నానా?" అని కాలనీవాళ్లు గొలుసాయనకి మరీ మరీ చెప్పి విచారణకి తీసుకెళ్లారు.

"మరి కూచోలేకపోయావా?"

"సర్వేయరు గారు ఒకరి డబ్బులతో టీ కూడా తాగని మనిషి తల్లీ. లేచి చెప్పేశా, లంకె పోగొట్టింది నేనేనని. ఆఫీసరు గారు, 'పొరపాటైతే దిద్దాల్సిందే' అని చెరో సగం రాసేశారు. వారంలో గోడ లేచింది."

నర్సుకి ఏదో తట్టింది. "పిన్ని మంచం పట్టింది..."

"గోడ లేచాకే. నాలుగు నెలలు మీ అమ్మ పేరే కలవరించింది. మీ అమ్మ మోకాళ్లతో ఈ రోడ్డంతా చుట్టి ఎలా వస్తుంది? ఆటో ఎక్కించి తీసుకొస్తానని పిలవడానికెళ్తే, నా మొహం మీదే తలుపేసింది. గోడకటు మీ అమ్మ, ఇటు మా ఆవిడ. ముప్పయ్యడుగులమ్మా."

తల్లి ఫోనులో అన్నది ఒక్క మాటే: "వెళ్లలేకపోయానే." కాళ్ల వల్లనే అనుకుంది నర్సు.

టైరు బిగించడం అయిపోయినట్టుంది. కండక్టరు బస్సు పక్క మీద చరుస్తున్నాడు.

"కాలనీలో నాతో ఎవరూ మాట్లాడరు. నువ్వు చదువుకున్నదానివి. అక్కడ పెరిగినదానివి. చెప్పు, నేను చేసింది తప్పేనంటావా?"

కాదని చెబుదామనే అనుకుంది. ఆసుపత్రిలో, చావు తప్పదని తెలిసిన మంచాల దగ్గర కూడా ఆమెకి మాట తడుముకునే అలవాటు లేదు. కాని ఖాళీ మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న తల్లి కళ్లలో మెదిలింది. "బాబాయ్, ఒక్క..." అని ఆగిపోయింది. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏం పోయేదన్న మాట పెదవి దాటలేదు. అయినా ఆయనకి వినబడింది.

గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. ఒక లారీ పోయేదాకా ఆగి, దుమ్ములోనే రోడ్డు వారగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.