సుగుణక్క అడిగిన నెల

నిన్న మనుమరాలు తడి కాగితంలో చుట్టిన గులాబీలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. జూన్‌లో పుట్టినవాళ్ళకు గులాబీలే ఇవ్వాలట. ఆ వాసన తగలగానే నాకు చిరాకు లేచింది, దాని వెనకే సుగుణక్క యాదికొచ్చింది. ఎల్లుండికి వాడిపోయే పూలకు ఇంత ఖర్చా అని పిల్ల మీద కసిరాను గాని, ఆ కసురు చేరవలసింది సుగుణక్కకే.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆమె మా పక్కింటామె. భర్త చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమస్తా. నేను వేల్పూరు నుంచి కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, నిజామాబాద్‌లో బంగారం దుకాణం వాళ్ళు ఆమెకొక క్యాలెండర్ ఇచ్చారు. ఏ నెలలో పుట్టినవాళ్ళకు ఏ రాయి, ఏ పువ్వు కానుకగా ఇవ్వాలో అందులో అచ్చువేశారు. ఇక మా లైనులో ఎవ్వరికీ ఊపిరాడలేదు.

ఇంటింటికీ తిరిగి నెల అడిగింది. మాకేం తెలుసు? బళ్ళో చేర్చిన నాడు పంతులు రాసుకున్నదే మా పుట్టినరోజు. బడి తెరిచేది జూన్‌లో, కాబట్టి అందరమూ జూన్‌లోనే పుట్టాం. రెండో తరగతితో బడి మానేసిన నాకూ అదే నెల. జూన్‌కు ముత్యం. సుగుణక్క గాజు ముత్యాలు తెచ్చి తొమ్మిది మంది ఆడవాళ్ళకు పంచబోయింది. పుచ్చుకుంటే తిరిగి పెట్టాలి కదా, నేను వద్దన్నాను. చేతిలో ముత్యాలు మళ్ళీ లెక్కపెట్టుకుంటుంటే అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది.

"తొమ్మిది మంది ఒక్క నెల్లనే పుట్టిండ్రా? మీ పంతులేమన్న మంత్రసానా?"

"నాకేమెరుక అక్కా. రాసిండు, గంతే."

"మీ అవ్వను అడుగరాదు?"

"ఏడుగుర్ని కన్నది. ఎవ్వరెప్పుడు పుట్టిండ్రో ఆమెకేం యాదుంటది? ఊకో."

విసుగ్గా అన్నాను గాని లోపల భయం. ఏడుగురిలో ఐదోదాన్ని. అడిగితే "యాది లేదు బిడ్డా" అంటుందేమోనని ఎన్నడూ అడగలేదు.

మరునాడు సుగుణక్క నాకు చెప్పకుండా బస్సెక్కి వేల్పూరు, మా అమ్మ దగ్గరికి పోయింది. సాయంత్రం చెమటలు కక్కుతూ వచ్చి మా గడపలో కూలబడింది.

"ఎవరు పొమ్మన్నరు నిన్ను? కిరాయి దండుగ కాదా?" అని మండిపడ్డాను.

ఆమె చెంబెడు నీళ్ళు తాగి చెప్పింది. "పసుపు ఉడకవెట్టే దినాలంట. కడాయి కాడ ఉండంగనే మీ అవ్వకు నొప్పులచ్చినయి. నువ్వు పుట్టినంక బయటికి సూస్తే, కల్లంల ఆరవోసిన పసుపంత వానకు తడిసిపోయిందంట."

"తిట్టుకున్నదా?"

"నవ్వింది. 'గా యేడు పంట పోయింది, గీ పిల్ల దొరికింది' అన్నది. మిగతా ఆరుగురివి అడిగితే ఒక్కటి సక్కగ చెప్పలే."

నేను పొయ్యి వైపు తిరిగి లేని మంటను ఎగదోశాను.

"మరి నెల?" అన్నాను.

"మాఘమో ఫాల్గుణమో మీ అవ్వకే తెల్వది. నా క్యాలెండర్ దేనికి పనికొచ్చినట్టు?" అని నా మీదే గయ్యిమని లేచి ఇంటికి నడిచింది.

కొని ఇచ్చే కానుకలంటే నాకు ఇప్పటికీ గిట్టదు. కాని నా పిల్లలు నలుగురికీ వాళ్ళు పుట్టిన పూట ఏం జరిగిందో చెప్పి చెప్పి పెంచాను. పెద్దవాడు పుట్టినప్పుడు ఫ్యాక్టరీ సైరను చెడి ఆగకుండా మోగింది, చిన్నది పుట్టిన పొద్దున పాలు విరిగాయి. ఎన్నిసార్లు చెప్తావమ్మా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. అడగడానికి భయపడే పని మాత్రం వాళ్ళకు పెట్టలేదు.