చేత్తో నడిపే కారు

ఆ రోజుల్లో కారు కొనడమంటే కొనేవాడికీ కారుకూ మధ్య జరిగే వ్యవహారమని నా నమ్మకం. మోతె బడిలో టీచరు ఉద్యోగం వచ్చి మూడేళ్లయింది. చిన్నప్పటి పోలియోతో రెండు కాళ్లకూ బలం లేదు గనక చంకకర్రలతో నడుస్తాను. సూర్యాపేట నుంచి రోజూ, వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటర్ మీద వెళ్లేవాణ్ని. వానాకాలంలో పిల్లలకన్నా ఎక్కువ తడిసి చేరేవాణ్ని (హాజరు వేస్తుంటే నా జుట్టులోంచి నీళ్లు కారి, రిజిస్టర్లో సగం పేర్లు అలుక్కుపోయేవి). అందుకని గేర్లు వాటంతటవే మారే కారు, అందులో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ చేత్తో నడిపే ఒక లివర్ ఉంటే చాలనుకున్నాను.

చాలదన్నాడు మా మేనమామ. ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా. ఏ బండినైనా అందులో ఎన్ని బస్తాలు పడతాయో చూసిగాని మెచ్చుకోడు. "కారంటే జర ఎత్తుండాలె అల్లుడా, సూసినోళ్లు పక్కకు జరగాలె" అంటూ అక్కడి షోరూముకు తీసుకుపోయాడు. సేల్స్‌మన్ నన్నొకసారి, నా కర్రలనొకసారి చూసి, వెనక డోరు తీసి, మామతో "సార్‌కు ఎనక సీటు మంచిగుంటది, కాళ్లు సాపుకోవచ్చు" అన్నాడు. నడిపేది నేనే అన్నాను. నిజమేనా అన్నట్టు అతను మళ్లీ మామనే చూశాడు. డ్రైవరు సీటు నా ఛాతీ ఎత్తున ఉంది. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి నన్ను పైకి చేర్చారు.

"ఎక్కిండు కదా, ఇగ ఖాయం జేద్దాం" అన్నాడు మామ.

"రేపు మోతెల ఎవరు దించుతరు మామా?"

"బడిల పిల్లలు లేరా?"

తర్వాతి ఆదివారం కోదాడ వెళ్లాం. అక్కడి షోరూంలో చిన్న కారు, సీటు సరిగ్గా నా నడుం ఎత్తు. నేను రంగు చూస్తూ నిలబడిపోతే, తన కారును సర్వీసింగుకు తెచ్చుకున్న ఒక ఆసుపత్రి నర్సమ్మ చక్రాల కుర్చీలో దగ్గరికొచ్చింది. "రంగు తర్వాత చూడొచ్చు తమ్ముడూ. ముందు ఒక్కడివే ఎక్కు, ఒక్కడివే దిగు. కర్రలు నీ చేతికందేచోట పడతాయో లేదో చూసుకో" అంది. ఆమె కారులో నాక్కావలసిన లివరే బిగించి ఉంది. షోరూం వెనక ఖాళీ స్థలంలో నడిపి చూడమని తాళం ఇచ్చింది.

నేను ఎక్కాను. మామ పక్క సీట్లో నా కర్రలను తుపాకుల్లా పట్టుకుని కూర్చున్నాడు. స్కూటర్ అలవాటుకొద్దీ లివర్‌ను మెలితిప్పాను. కారు కదల్లేదు. "లాగితే పోతది, నెడితే ఆగుతది" అని ఆమె చెప్పిందే వల్లించుకుంటూ లాగాను. ఎగిరి దూకింది. భయపడి నెట్టాను. మామ కళ్లజోడు డ్యాష్‌బోర్డు మీద పడింది. ఆయన దాన్ని తుడిచి పెట్టుకుని, "బండి మంచిదే. నువ్వే జర నిమ్మలంగ నడుపు" అన్నాడు.

దిగడానికి చాలాసేపు పట్టింది. మామ చెయ్యి అందించబోతే నర్సమ్మ "ఆగండి బాబాయ్" అంది. చెమటలు కక్కుతూ, ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డాను. అప్పుడు, అంతసేపూ మామతోనే మాట్లాడిన అక్కడి సేల్స్‌మన్ మొదటిసారి నావైపు తిరిగి, "ఏ రంగు బుక్ చేయమంటారు సార్?" అని అడిగాడు. రెండు వారాలుగా ఆ మాట కోసమే పోట్లాడుతున్న నేను ఏం చేశాను? మామ మొహం చూశాను. "తెల్లది" అన్నాడు మామ. సరేనన్నాను.

లివర్ బిగించి, నేర్చుకుని, లైసెన్సు చేతికొచ్చాక ఒక సోమవారం ఒక్కణ్నే మోతె వెళ్లాను. ఆ రోజు వాన పడుతూనే ఉంది. అందరూ చూడాలని మరీ ముందుగా బయల్దేరడంతో బడి గేటు ఇంకా తీయలేదు. చూసేవాళ్లెవరూ లేరు. అరగంట సేపు అద్దాల మీద వాన చప్పుడు వింటూ, పొడి బట్టలతో అలాగే కూర్చున్నాను. దిగడం అంత కష్టపడి నేర్చుకున్నానా, ఆ పూట ఎంతకీ దిగబుద్ధి కాలేదు.