హంస ఫ్రాకు కింద చూడీదార్

ఇన్నేండ్లలో నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రెండుసార్లు లేచి చెప్పబోయాను. రెండుసార్లూ కూర్చోబెట్టారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాసేవాడు ముందే కూర్చొని ఉంటాడు, వాణ్ని ఇంకెవరూ కూర్చోమనలేరు.

నారాయణఖేడ్‌లో ఆడపిల్లల బడికి నేను డ్రాయింగ్ సారును. డ్రాయింగ్ సారంటే గేటుకు కాగితప్పూలు కట్టేవాడు, లెక్కల సారు రాని రోజు పిల్లలు గోల చేయకుండా చూసేవాడు. బొమ్మలు కూడా గీస్తాడన్నది ఎవరికీ పట్టదు.

డెబ్బైల చివర్లో పట్నం నుంచి కొత్త పెద్దమేడం వచ్చింది. ఆ ఏడు వార్షికోత్సవానికి హంసల బ్యాలే వేయాలంది. మా దగ్గర ప్రతి నృత్యనాటికనూ బ్యాలే అనేవాళ్లు. మేడం అడిగింది మాత్రం అసలుది, మునివేళ్ల మీద ఆడే తెల్లదొరసానుల ఆట. పాత క్యాలెండర్ బొమ్మ ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"గీ డ్రెస్ కావాలె సార్. ఎట్ల చేస్తరో మీ ఇష్టం."

మీ ఇష్టం అన్నది ఆమే. నేను మరిచిపోలేదు.

బొమ్మలో గౌను నడుము చుట్టూ పళ్లెంలా నిలబడి ఉంది. చిత్రకళ నేర్చుకునే రోజుల్లో దుస్తుల చరిత్ర మీద ఒక లావు పుస్తకం చదివాను కాబట్టి ఆ పళ్లెం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మొదట్లో బ్యాలే రాజుల కొలువుల్లో ఆడేవాళ్లు. బరువైన జరీ, నేల ఊడ్చే లంగాలు, మొహాలకు తొడుగులు. అడుగు ఎక్కడ పడుతున్నదో చూసేవాడికి కనబడేది కాదు. కాళ్ల పని చూపించాలని ఎవరో ఆటకత్తె లంగాను చీలమండ పైకి కత్తిరించింది. ఊరంతా తిట్టింది. తర్వాత పలచని తెల్లగుడ్డ గంటలా వేలాడింది, ఇంకొన్నాళ్లకు మోకాళ్లు దాటి పళ్లెమైంది. లంగా పైకి పోయినకొద్దీ లోపల బిగుతు లాగు తప్పనిసరి చేశారు. తిట్టిన ఊళ్లే కొన్నాళ్లకు ఆ చదును చెప్పులు, ఆ రిబ్బన్లు, ఆ జాలీగుడ్డ గౌన్లు వీధిలో వేసుకొని తిరిగాయి. మొదట కత్తెర పట్టినవాళ్లను తలుచుకునే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది. చదివినప్పుడు అది దూరదేశం సంగతి అనుకున్నాను.

జాలీగుడ్డ మా బజారులో దొరకదు. దోమతెర గుడ్డ దొరుకుతుంది. అంగడినాడు తండాల నుంచి వచ్చే లంబాడీ ఆడవాళ్ల ఘాగ్రాలు చూస్తూ నిలబడ్డాను. అంచు బరువుగా ఉంటే తిరిగినప్పుడు గుడ్డ గుండ్రంగా లేస్తుంది. అది గీసుకొని మసీదు పక్క దర్జీ దగ్గరికి పోయాను. నా ఈడువాడే, నోరు మాత్రం నాకంటే పెద్దది.

"దోమతెర పండుకునేతందుకు సార్. నిలబడేతందుకు గాదు."

"గంజి పెడ్తే?"

"నిలబడ్తది. పిల్ల కూసుంటే ఇరుగుతది."

"కూసోదు. ఎగురుతది."

"గట్లయితే కుడ్త. ఇరిగితే నీ పేరు చెప్త."

గంజి పెట్టి బడి వెనక ఆరేస్తే ఒక మేక వచ్చి ఒక అంచు నమిలి పోయింది. మళ్లీ కుట్టించాను. అసలు గొడవ రిహార్సల్ రోజు వచ్చింది. కంగ్టి నుంచి పత్తి బండి తోలుకొచ్చిన ఒక తండ్రి, బిడ్డను చూసిపోదామని బడిలోకి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది సారూ, మా పోరి కాళ్లు ఊరికంత చూపెడ్తవా?"

"కాళ్లు కనబడకుంటే డాన్స్ ఎట్లయితది?"

"గంత మంచిగుంటే నువ్వే ఏసుకొని ఎగురు. మేమందరం వచ్చి చూస్తం."

పిల్ల చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. పొద్దుగూకేసరికి మిగతా తండ్రులకూ తెలిసింది. పెద్దమేడం "మీరే చూసుకోండి సార్" అని తన గది తలుపు దగ్గరికి వేసుకుంది. చూసుకున్నది మేమిద్దరం.

"తెల్ల చూడీదార్ ఏద్దాం కింద" అన్నాడు దర్జీ. "మా ఇంట్ల ఆడపిల్లలు ఏస్తరు. ఎవడేమంటడు?"

చూడీదార్ మీద పళ్లెం పెడితే గుంజకు గొడుగు కట్టినట్టుంది. నేను పళ్లెం తీసేసి, గుడ్డను మోకాళ్ల దాకా దించి, ఒకదానికంటే ఒకటి పొట్టిగా మూడు వరుసలు చేశాను. చూడీదార్ మాట అతనిది, ఆ మూడు వరుసలు నావి. ఒకరి వాటా మింగే అలవాటు నాకు లేదు.

చూడీదార్ సంగతి విని ఆ తండ్రే పిల్లను తిరిగి తెచ్చాడు. వార్షికోత్సవం నాడు ముందు వరుసలో కూర్చొని చూశాడు. నేను తెర తాడు పట్టుకొని పక్కన ఉన్నాను. ముఖ్య అతిథి వంగి అడిగాడు, "డ్రెస్సులు మంచిగున్నయి, ఎక్కడివి?"

"పట్నం నుంచి తెప్పించినం" అంది మేడం.

మా ఊరి అలవాటే అది. బాగున్నది ఏదైనా పట్నంది, బాగాలేనిది పక్కూరిది. పెండ్లిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చి పట్నం కుర్చీలంటారు. కానీ తెచ్చినవాణ్ని ఎదురుగా పెట్టుకొని అనరు. మర్నాడు స్టాఫ్ మీటింగులో లేచాను. "చిన్న విషయం సార్, కూసోండి" అంది మేడం.

చిన్న విషయం ఊరంతా పాకింది. రంజాన్‌కు, దసరాకు, బోరంచ జాతరకు చిన్నపిల్లలందరికీ హంస ఫ్రాకే కావాలి, కింద తెల్ల చూడీదార్‌తో. దర్జీకి తల ఎత్తే తీరిక లేదు. "గిది మా డ్రాయింగ్ సారు గీసిండు" అని అతను చెబితే, సిర్గాపూర్ నుంచి వచ్చినామె నవ్విందట. "గేటుకు పూలు కట్టే సారా?"

ఎనభైలు సగం గడిచేసరికి బట్టల దుకాణాల్లో అదే ఫ్రాకు రెడీమేడ్‌గా వేలాడింది. అవే మూడు వరుసలు, అదే చూడీదార్. పట్నం నుంచి దిగిన మాల్ అన్నాడు దుకాణదారు. దర్జీకి చూపించాను.

"ఇడ్వు సార్. కూరల ఉప్పు ఏసినోణ్ని ఎవడు యాది చేస్తడు?"

"ఉప్పు తక్కువైతే చేస్తరు గద."

"తిట్టేతందుకు."

తొంభైల్లో మేడం పదవీ విరమణ సభ పెట్టారు. చిన్నపిల్లలు ఆ ఫ్రాకులే వేసుకొని స్వాగతం ఆడారు. మన ఊరికి ఫ్యాషన్ నేర్పిన తల్లి అన్నాడు ఒక వక్త. మేడం మైకు అందుకొని, "అప్పట్ల పట్నంల చూసిన, మన పిల్లలకు సుత ఉండాలె అనుకున్న" అంది. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"పట్నంల ఎక్కడ చూసిండ్రు మేడం?"

వెనక నుంచి ఎవరో నా అంగీ గుంజారు. ఆమె నా వైపు చూసింది. గుర్తుపట్టింది కూడా.

"కూసోండి సార్. తర్వాత మాట్లాడుకుందాం."

శాలువా కప్పుకొని కారెక్కింది. ఆ తర్వాత అనేది ఇంతవరకు రాలేదు.

మేడం, నేనింకా ఇక్కడే ఉన్నాను. ఆ చూడీదార్ కంగ్టి బండాయన కోపంలోంచి వచ్చింది. ఆయన మా బడి గుమ్మంలో నిలబడి తిట్టిపోయిన నాడు మీరు తలుపు దగ్గరికి వేసుకున్నారు. హంస కింద చూడీదార్ వేసిన బ్యాలే పట్నంలో ఏ వేదిక మీద చూశారు? ఆ ఫ్రాకు గీసింది ఎవరు, కుట్టింది ఎవరు? కూర్చోమనకుండా చెప్పండి.