ఓబులేసు గీసిన బల్ల

ఓబులేసు ఆళ్లగడ్డలో రాతి శిల్పి. ముప్పై ఏళ్లుగా విగ్రహాలు, ద్వారబంధాలు చెక్కుతున్నాడు. నేను ఫెబాను, నంద్యాలలో డ్రాయింగ్ టీచర్ని, మా చర్చి కమిటీలో సభ్యురాలిని. అతనికి జరిగిన అవమానంలో నా వాటా ఉంది కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లను రాతితో చేయించాలనుకున్నాం. సంఘ పెద్ద రాజరత్నం గారు ముందు బొమ్మ గీసి తెమ్మన్నారు. ఓబులేసు చార్టు మీద గీసి తెచ్చాడు. ముందు అంచు ఎంతో వెనక అంచూ అంతే, పక్కలూ అసలు కొలతకే. రాయి కోసేవాడి లెక్క అది. కొలత తగ్గితే రాయి మళ్లీ పెరగదు. కాగితం మీద మాత్రం ఆ బల్ల మా మీదికి ఒరిగిపోతున్నట్టు ఉంది.

ఆ పని కోసమే ఇంటీరియర్ షాపు వెంకటేష్ కంప్యూటర్ బొమ్మ పట్టుకుని వచ్చాడు. ఓబులేసు చార్టు చూసి, "ఏందప్పా ఇది? దీనిమీద రొట్టె పెడితే జారి పాస్టరయ్యగారి కాళ్ల మీద పడతాది. బల్ల గీయమంటే జారుడుబండ గీసినావే!" అన్నాడు.

కమిటీ అంతా గొల్లున నవ్వింది. తప్పెక్కడుందో రెండు ముక్కల్లో చెప్పగలిగి ఉండీ నేను కూడా నవ్వాను. ఓబులేసు చార్టు చుట్టుకుని, ఒక్కొక్కరి ముఖమూ చూసి వెళ్లిపోయాడు. పని ఎవరికో వచ్చే నెల తేలుస్తామన్నారు గానీ అది వెంకటేష్‌దేనని అందరికీ తెలుసు.

మర్నాడు ఓబులేసు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, వాని బొమ్మలో బల్ల సక్కగా నిలబడింది. నాది యాడ చెడింది? నేర్పియ్యండి. వాని నోరు మూయించాల."

"పని కోసమా అన్నా?"

"పని వస్తాది, పోతాది. ముప్పై ఏండ్ల చేతిని చూసి నవ్వినారు. అది నాకు అరగలే."

ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చేవాడు. కంటి ఎత్తులో ఒక అడ్డగీత గీయించి, దాని మీద ఒక చుక్క పెట్టించాను. వస్తువు ముందు వైపును ఉన్నదున్నట్టు గీసి, మూలల నుంచి ఆ చుక్కకు గీతలు లాగాలి. దూరంగా ఉన్నది చిన్నగా కనబడాలి కాబట్టి వెనక అంచు ఆ గీతల మధ్యే ఇమడాలి. మూడు వారాలు అతని చెయ్యి ఒప్పుకోలేదు. అగ్గిపెట్టె గీసినా వెనక అంచును దొంగతనంగా పెంచేసేవాడు.

"అబద్ధం గీయమంటాండారు మేడమ్" అని నామీదే కసిరాడు.

నాలుగో ఆదివారం సంచిలోంచి మేకూ, రాయి మీద గీతలు కొట్టే ఎర్రమన్ను దారమూ తీశాడు. చుక్క దగ్గర మేకు దిగగొట్టి, దారం మూలదాకా లాగి టప్పున వదిలాడు. గీత పడింది. గంటలో పీట, పెట్టె, బల్ల లేచి నిలబడ్డాయి.

"ఆ వెంకటేష్ గాడు ఇంగ దొరికినాడు నా కొడుకు" అన్నాడు. పగ పాపమని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం అతని పగ నాకు ముద్దొచ్చింది.

మీటింగు రోజున వెంకటేష్ తన బొమ్మను పెద్ద ఫ్లెక్సీ చేయించి చర్చి గోడకు తగిలించాడు. అందులో మా చర్చి, వరుసగా బెంచీలు, ముందు బల్ల. ఓబులేసు దారం తీశాడు. బెంచీల అంచుల వెంట లాగితే అన్నీ సిలువ దగ్గర కలిశాయి. బల్ల అంచుల వెంట లాగితే దారం పైకప్పు దాటిపోయింది.

"అన్నీ ఒకే చుక్కకు పోవాల సారూ. ఈ బల్ల ఈడిది కాదు. యాడిదో ఫొటో కోసుకొచ్చి అతికించినాడు. దీని కొలత నమ్మితే మునిగిపోతారు."

"మా డిజైనర్ చేసినాడు, నాకేం తెలుసు" అని వెంకటేష్ గొణిగాడు.

ఓబులేసు అతని చేతిలో పెన్సిల్ పెట్టాడు. "అట్లయితే నువ్వే గియ్యప్పా. బల్ల వద్దు, పీట గియ్యి చాలు."

వెంకటేష్ నాలుగు గీతలు గీసి ఆగిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను పెన్సిల్ పడేసి బయటికి నడిచాడు. నా కడుపు చల్లబడింది.

రాజరత్నం గారు గొంతు సవరించుకుని, "పని నీదేలే ఓబులేసూ. ఎప్పుడు మొదలుపెడతావ్?" అన్నారు.

"వానితో అయిపోయింది. మీతో కాలే. ఆ పొద్దు నన్ను చూసి నవ్వినోళ్లు చేతులెత్తండి. చెక్కేది లేనిది ఆ తర్వాత చెప్తా."

అతను దారం ఉండగా చుడుతూ కాచుకున్నాడు. ముందు నా చెయ్యే లేచింది. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. చివరికి డెబ్బై ఏళ్ల రాజరత్నం గారి చెయ్యి కూడా లేచింది. ఓబులేసు అందరినీ చూశాడు. దించమనలేదు. మా చేతులు అలాగే ఉండగా బల్ల వేసే వేదిక మెట్ల దగ్గరికి పోయి, టేపు పరిచి, తాపీగా కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.